ఇంటర్నెట్ రేడియోల ఉమ్మడి కొనుగోలు: రొక్కం ఎవరిది, నిల్వ ఎక్కడ?

బెల్లం, గోగునార, జీడిపిక్కల ధారణలు చూసుకునే వర్తకులకు ఇంటర్నెట్ రేడియో కొత్త సరుకే. అయితే ఈ సరుకు బేరంలో ఉన్న చిక్కు మాత్రం పాతదే. నాలుగు బస్తాలు కొనేవానికి ఒక ధర, లారీ నిండా కొనేవానికి మరొక ధర. అరువుకు ఒకటి, రొక్కానికి ఒకటి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఇంటర్నెట్ అందించే చిన్న సరఫరాదారులు ఈ నాలుగు బస్తాల వర్గంలోని వారు. అందరూ కలిసి ఒక్క ఆర్డరు పెట్టి లారీ ధరకు తెచ్చుకోరాదా అన్నది సహజమైన ప్రశ్న. తెచ్చుకోవచ్చు. తెచ్చుకోవాలి కూడా. కాని ఆ బేరంలో లాభం ఎక్కడ ఉన్నదో ముందుగా లెక్క కట్టుకోకపోతే మొదటి ఆర్డరుతోనే జట్టు చెదిరిపోవడం ఖాయం.

రేడియో అంటే ఇక్కడ పాటలు వినిపించే పెట్టె కాదు. టవరు మీదనో, మేడ మీద నిలబెట్టిన ఇనుప గొట్టానికో బిగించే తెల్లటి డబ్బా. టవరు మీదిది బేస్ రేడియో. ఇంటి మీదిది చందాదారు రేడియో. రెండూ ఒకదానికొకటి అడ్డు లేకుండా కనిపించాలి. మధ్యలో కొబ్బరి మట్టలు ఊగినా వేగం పడిపోతుంది. ఉద్దానంలో పనిచేసిన వారికి ఇది చెప్పనక్కరలేదు. తీగ వేయగలిగిన చోట రేడియో కొనడం దండుగే. కాని సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, సాలూరు కొండవార ఊళ్ళలోను, తోటల మధ్య విడివిడిగా ఉండే ఇళ్ళకు, గాలివానకు స్తంభాలు కూలిన తరువాత మళ్ళీ తీగ లాగేదాకాను రేడియో తప్ప వేరు దారి లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి పార్వతీపురం మన్యం వేరయింది, రాజాం విజయనగరంలో కలిసింది. అయినా ఈ వ్యాపారం వరకు పాత రెండు జిల్లాల హద్దులే లెక్క. 2013 నాటి యూనిఫైడ్ లైసెన్సు పద్ధతిలో అట్టడుగున ఉన్న ‘సి’ తరగతి లైసెన్సును పాత టెలిఫోన్ జిల్లా హద్దును బట్టి ఏర్పరచారు. లైసెన్సు తామే తీసుకున్నవారు కొందరైతే, పెద్ద లైసెన్సుదారు కింద వాటా మీద పనిచేసే కేబుల్ ఆపరేటర్లు మరికొందరు. కొనవలసిన సరుకు మాత్రం అందరికీ ఒకటే.

వీరి ఎదుట నిలిచినవారు ఎవరో కూడా చూడాలి. 2023 ఆగస్టులో ఎయిర్‌టెల్, సెప్టెంబర్‌లో వినాయక చవితి రోజులలో జియో, తీగ లేకుండా 5జి మీద ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చే పథకాలను ప్రారంభించాయి. వాటి ఆర్డర్లు లక్షలలో ఉంటాయి. ఆ లెక్కన కొనేవానితో తయారీదారు బేరమాడే తీరు వేరు. టెక్కలిలోనో, బొబ్బిలిలోనో మూడు వందల మంది చందాదారులు ఉన్న వాడు నెలకు పది రేడియోలు కొంటాడు. అవి కూడా విశాఖ డీలరు దగ్గర ఉంటే సరే. లేకపోతే సికింద్రాబాద్ సి.టి.సి. నుంచి పార్సిల్ రావాలి. అక్కడా లేకపోతే ఢిల్లీ నెహ్రూ ప్లేస్ నుంచి వచ్చేదాకా చందాదారు ఫోను ఎత్తడానికి జంకుతూ కూర్చోవాలి.

తగ్గింపు ఎంత?

ఉజ్జాయింపుగా ఒక లెక్క వేద్దాము. ఇవి బజారు ధరలు కావు, లెక్క తెలియడానికి వేసుకున్న అంకెలు మాత్రమే. ఇరవై మంది సరఫరాదారులు తలా 15 చందాదారు రేడియోలు కలిపి కొన్నారనుకుందాము. మొత్తం 300. ఒక్కొక్కటి 5,000 రూపాయలు. విడివిడిగా అయితే 15 లక్షలు. టోకున కొన్నందుకు 8 శాతం తగ్గింపు దొరికిందనుకుంటే మిగులు 1,20,000. తలకు 6,000. అంటే ఒక రేడియో ధర, పైన కాస్త. దీనికోసం ఇరవై మందికి ఫోన్లు చేసి, డబ్బు వసూలు చేసి, సరుకు పంచి, తేడా వస్తే మాట పడి తిరగాలి. ఇంత శ్రమకు ఇంతేనా అని అడిగేవాని తప్పేమీ లేదు.

ఇప్పుడు మరొక లెక్క. ఒక టవరు మీది బేస్ రేడియో పిడుగుకు కాలిపోయింది. ఏప్రిల్, మే నెలల ఉరుముల వానలకు ఈ జిల్లాలలో ఇది అరుదు కాదు. దాని కింద 200 మంది చందాదారులు, నెలకు 400 రూపాయల చొప్పున. బదులు రేడియో రావడానికి పది రోజులు పట్టింది. నెల రాబడి 80,000లో మూడో వంతు, అంటే సుమారు 26,700 రూపాయలు ఆ పది రోజుల కింద వదులుకోవలసిందే. చందాదారు వదలిపెట్టి పోతే ఆ నష్టం ఒక నెలతో తీరదు. తగ్గింపు వల్ల ఏడాదికి వచ్చే 6,000 కంటే, రేపు పొద్దున్నే బదులు రేడియో చేతికి రావడం నాలుగింతల విలువైనది. ఉమ్మడి కొనుగోలు గురించి మాట్లాడేవారు ధర దగ్గర ఆగిపోవడంతో వస్తున్న పొరపాటు ఇదే.

ఎవరికి వారే ఒక బేస్ రేడియోను అదనంగా దాచుకోవచ్చు గదా అనవచ్చు. అది 20,000 అనుకుంటే ఇరవై మంది అలమారలలో కలిసి 4 లక్షల రూపాయలు కదలకుండా పడి ఉంటుంది. ఇరవై టవర్లూ ఒకే రోజు కాలిపోవు. అందరికీ కలిపి నాలుగు ఉంచితే మామూలు రోజులకు సరిపోతుంది. ఖర్చు 80,000, తలకు 4,000. టోకు తగ్గింపులో మిగిలిన 6,000లో నుంచే ఇది తీసివేసినా ఇంకా 2,000 చేతిలో ఉంటుంది. ధరలో వచ్చిన తగ్గింపును పంచుకు తినకుండా నిల్వ కింద మారిస్తేనే ఈ జట్టుకు అర్థం ఉంది.

అక్టోబరు గండం

మామూలు రోజులకు అన్నమాట కావాలనే వాడవలసి వచ్చింది. తుపాను నాడు ఈ లెక్క తప్పుతుంది. ఫైలిన్ 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి ఇచ్ఛాపురం వైపును కుదిపింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను, విజయనగరాన్ని దెబ్బతీసింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్ని నేలమట్టం చేసింది. గులాబ్ 2021 సెప్టెంబర్ 26న కళింగపట్నం దగ్గర దాటింది. కొబ్బరి, జీడి తోటలు పోయిన రైతు దుఃఖం ముందు ఇంటర్నెట్ డబ్బాల మాట ఎత్తడం సిగ్గుగా ఉంటుంది. కాని ఆ రైతు కొడుకు బెంగుళూరు నుంచి ఇంటికి ఫోను కలవక అల్లాడిన రోజులు కూడా అవే. కరెంటు లేదు, టవర్లు లేవు, దారిలో చెట్లు. అటువంటి వేళ ఒక జనరేటరు, ఒక రేడియో జత ఉంటే ఒక మండలానికి మాట కలపవచ్చు.

ఈ నాలుగు తుపానుల చిట్టా చూస్తే ఒక సంగతి తేటగా కనిపిస్తుంది. ఒక్కొక్కటి ఒక్కొక్క కొసన కొట్టింది. హుద్‌హుద్ నాడు సరుకు విశాఖ గోదాములో ఉన్నా లేనట్టే. టెక్కలిలో ఉంటే అక్కరకు వచ్చేది. తిత్లీ నాడు అదే సరుకు టెక్కలిలో ఉంటే చెట్ల కింద చిక్కుకునేది, విజయనగరంలో ఉంటే మర్నాటికి బయలుదేరేది. అందుచేత ఉమ్మడి నిల్వను ఒక్క చోట ఉంచరాదు. ఒక పాలు విజయనగరం వైపు, ఒక పాలు టెక్కలి, పలాస వైపు ఉంచాలి. అప్పుడు కూడా సముద్రానికి మరీ దగ్గర కాకూడదు. ఉప్పుగాలికి క్లాంపులు, మేకులు ఎలా తుప్పు పడతాయో కోస్తా ఊళ్ళ ఆపరేటర్లకు తెలుసు. సరుకు సెప్టెంబర్ మొదటి వారానికల్లా చేరాలి. డిసెంబర్ దాటాక మిగిలినది సభ్యులు కొనేసుకోవాలి.

ఈ చివరి మాట ఎందుకంటే, వర్తకుని సహజ బుద్ధి ఇక్కడ ఎదురు తిరుగుతుంది. చింతపండు, బెల్లం, జీడిపప్పు అయితే పంట రోజులలో కొని అన్‌సీజన్‌లో అమ్ముకుంటే లాభం. రేడియోకు అన్‌సీజన్ ధర అంటూ లేదు. అలమారలో ఉన్నకొద్దీ దాని విలువ కరిగిపోతుంది, ఏడాది తిరిగేసరికి కొత్త రకం వస్తుంది. ఒక్కసారే ఈ సూత్రం తారుమారైంది. 2020 నుంచి 2022 దాకా ప్రపంచమంతటా చిప్‌ల కొరత వచ్చి రేడియోలకు నెలల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. ఆ రోజులలో స్టాకు ఉన్నవాడే రాజు. ఆ రుచి మరిగి పెద్ద నిల్వలు పెట్టాలనుకునేవారు అది కొరత కాలపు ధర అని గుర్తుంచుకోవాలి. ఉమ్మడి నిల్వ ఉండవలసినది గండానికి. స్పెక్యులేషన్‌కు కాదు.

2018 అక్టోబరు ఈ వ్యాపారానికి మరో రెండు విధాల గుర్తుండవలసిన నెల. తిత్లీ వచ్చిన మరునాటి నుంచే కొన్ని రకాల టెలికాం పరికరాలపై కస్టమ్స్ సుంకం 20 శాతానికి పెరిగింది. అదే నెలలో 5 గిగాహెర్ట్జ్ బాండ్‌లో 605 మెగాహెర్ట్జ్ మేర తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకోవడానికి కేంద్రం వదలిపెట్టింది. అంతకు మునుపు, 2007 నాటి ఉత్తర్వు ప్రకారం, ఆ బాండ్‌లో బయట వాడుకకు దొరికింది 50 మెగాహెర్ట్జే. ఒక చేత్తో దారి వెడల్పు చేసి, రెండో చేత్తో బండి మీద సుంకం వేసినట్టయింది. తరంగాలు ఉచితం గదా అని ఇంటర్నెట్ అమ్మడానికి లైసెన్సు కూడా అక్కరలేదని భ్రమపడేవారు ఇప్పటికీ కొందరున్నారు. ఆ రెండూ వేరు వేరు.

ఒక మాట రెండు రేడియోలకు తెలియదు

టోకు కొనుగోలుకు మొదటి అడ్డంకి ధర కాదు, రకం. మైక్రోటిక్, యుబిక్విటి, కేంబియం మూడూ 5 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేసినా, టవరుకు, ఇళ్ళకు మధ్య ఎవరి పద్ధతి వారిది. ఒకరి బేస్ రేడియోకు మరొకరి చందాదారు రేడియోను తగిలిస్తే, మామూలు వై-ఫై పద్ధతికి దించితే తప్ప మాట కలవదు. దించితే వేగం పోతుంది. పాలకొండ ఆపరేటరు ఒక కంపెనీ బేస్‌లతో పదేళ్ళుగా ఉన్నాడు, చీపురుపల్లి ఆపరేటరు మరో కంపెనీతో. ఇద్దరినీ ఒక్క ఆర్డరులో కలపాలంటే ఒకడు తన టవర్లన్నీ మార్చుకోవాలి. ఎవడూ మార్చుకోడు. మార్చుకొమ్మనడం కూడా న్యాయం కాదు.

కాబట్టి ఇరవై మందితో ఒక జట్టు అన్నది కాగితం మీద లెక్క. నిజానికి అది ఒకే కంపెనీ సరుకు వాడే ఏడెనిమిది మంది చొప్పున రెండు మూడు జట్లు కావాలి. అయితే రకంతో పనిలేని సరుకు చాలా ఉంది. బయట వాడే కేబులు, పిడుగు నిరోధకాలు, ఇనుప గొట్టాలు, క్లాంపులు, కరెంటు అడాప్టర్లలో కొన్ని, బ్యాటరీలు. వీటి మీద బేరమాడితే తగ్గింపు రేడియోల మీదికంటే సులువుగా దొరుకుతుంది, తగాదా తక్కువ. జట్టు కట్టడం అలవాటు లేనివారు ముందు కేబులు చుట్టలతో మొదలుపెట్టడం మేలు. ఒక కేబులు చుట్ట పంపకంలో నమ్మకం కుదరనివారికి బేస్ రేడియోల ఉమ్మడి నిల్వ ఎలా కుదురుతుంది?

రకం మాట వచ్చింది గనుక ఆంధ్రలో ఇదివరకు జరిగినదొకటి చెప్పుకోవాలి. 2000 దశకం మధ్యలో పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ వారు ‘అశ్విని’ పేరుతో, భీమవరం కేంద్రంగా, దూరపు వై-ఫై లింకులతో పల్లెలను కలిపారు. ఇంట్లో, ఆఫీసులో వాడుకకు తయారైన వై-ఫై పద్ధతినే కిలోమీటర్ల దూరానికి వాడడం ఆనాటి కొత్త. అందులో ఆర్థిక సూత్రం సులభం. ప్రపంచమంతా కోట్లలో కొనే చిప్ కనుక అది చవక. అంటే ఎవరూ జట్టు కట్టకుండానే ప్రపంచం మొత్తం ఉమ్మడిగా కొన్నట్టు. ఎంత ప్రత్యేకమైన పరికరం కొంటే అంత ధర, అంత ఎదురుచూపు. చిన్నవాడు నలుగురూ కొనే రకాన్నే కొనాలన్నది అక్కడ తేలిన విషయం.

బిల్లు ఉన్న సరుకు, లేని సరుకు

బజారులో మాట్లాడని మాట ఒకటి ఉంది. రేడియో రెండు ధరలకు దొరుకుతుంది. బిల్లుతో ఒకటి, బిల్లు లేకుండా ఒకటి. బిల్లు లేనిది చవక. 18 శాతం జి.ఎస్.టి. లేదు, సుంకం సంగతి దేవునికెరుక, భారతదేశానికి ఆమోదం ఉందో లేదో పెట్టె మీద చూసుకునేవారు లేరు. కొన్ని మరో దేశపు తరంగాలకు అమర్చి ఉంటాయి. చెడిపోతే వారంటీ లేదు.

ఈ సరుకు కొనేవారందరూ మోసగాళ్ళు కారు. లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ ఉన్న సరఫరాదారు కొనుగోలు మీద కట్టిన పన్నును తన పన్నులో జమ వేసుకుంటాడు. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవానికి, అసలు రిజిస్ట్రేషన్ లేనివానికి ఆ జమ లేదు. వానికి 18 శాతం నికరమైన ఖర్చు. అటువంటివాని ఎదుట 8 శాతం టోకు తగ్గింపు పెట్టి ‘బిల్లుతో కొను’ అంటే, వాడు వేళ్ళ మీద లెక్క వేసి నవ్వుతాడు. జట్టులో చేరేవారందరికీ తగ్గింపు ఒకటే అయినా దాని ఫలితం ఒకటి కాదన్నది ఇక్కడే బయటపడుతుంది.

అయినా బిల్లు లేని సరుకు వైపు పోరాదు. 2021 జూన్ 15 నుంచి లైసెన్సుదారు తన నెట్‌వర్క్‌లో కొత్తగా కలిపే పరికరం ‘నమ్మదగిన మూలం’ నుంచి వచ్చిందని చూపవలసిన నిబంధన అమలులోకి వచ్చింది. చిన్నవాడు ఈ కాగితాల పని ఒక్కడే చేయలేడు. పోర్టల్‌లో దరఖాస్తు పెట్టడం, మోడల్ నంబర్లు సరిచూడడం ఒక గుమాస్తా పని. ఇరవై మంది తరఫున ఒక్క గుమాస్తా ఒక్క మోడల్‌కు ఆ పని చేస్తే తలకు అయ్యే ఖర్చు టీ ఖర్చు. ఉమ్మడి కొనుగోలులో ధర కంటే ఎక్కువ మిగులు చూపే రెండో పద్దు ఇది. వారంటీ కూడా అంతే. ఒక్క రేడియో పట్టుకుని సర్వీసు సెంటరుకు పోయినవానికీ, ఒకే బిల్లు మీద 300 కొన్నామని చూపి అందులో ఆరు చెడ్డాయని పెట్టె కట్టి పంపినవానికీ అందే మర్యాద ఒకటి కాదు.

పద్దు ఎవరి పేర?

ఇక అసలు గడ్డు సమస్య దగ్గరికి వస్తాము. పై లెక్కలోని 13,80,000 రూపాయల సరుకుకు జి.ఎస్.టి. 2,48,400 కలిపితే బిల్లు 16,28,400. ఈ రొక్కం ఎవరు కట్టాలి? సాధారణంగా జట్టులో పేరున్నవాడు, బ్యాంకులో పరపతి ఉన్నవాడు ముందుకు వస్తాడు. సరుకు అతని పేర వస్తుంది. 50,000 దాటిన సరుకు గనుక ఈ-వే బిల్లు అతనిదే. తరువాత మిగిలిన పందొమ్మిది మందికి తలా ఒక బిల్లు వ్రాయాలి. తలకు 81,420 రూపాయలు. కేవలం స్నేహం కొద్దీ చేసినా చట్టం దృష్టిలో అతడు ఆ పూట రేడియోల వర్తకుడే. టర్నోవరు అతని లెక్కలో పెరుగుతుంది, రిటర్నులు అతడే వేయాలి.

సరుకు లారీ దిగే వేళకు ఇద్దరు వెనక్కు తగ్గారనుకోండి. ఒకడు పెళ్ళి ఖర్చని, మరొకడు ధర పడిపోయిందని. 1,62,840 రూపాయల సరుకు అతని నెత్తిన పడుతుంది. జట్టు మొత్తానికి వచ్చిన తగ్గింపు 1,20,000 కంటే ఇది ఎక్కువ. అతడు ఆ సరుకును తిరిగి డీలరుకు ఇవ్వజూస్తే టోకు ధరకు కొన్నది వెనక్కు తీసుకోరు. మరుసటి ఏడు అతడు ముందుకు రాడు. జట్టు అంతటితో సరి. ధర కుదరక చెదిరిన జట్ల కంటే ఇద్దరు తప్పుకున్నందుకు చెదిరినవే ఏ వర్తకంలోనైనా ఎక్కువ. చీటీపాటలు నడిపినవారికి ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు.

అందుచేత రొక్కం ముందు, ఆర్డరు తరువాత. పూర్తి వాటా బ్యాంకు ఖాతాలో పడినవారి పేర్లే ఆర్డరులో ఉండాలి. అరువు కావలసినవాడు తన బ్యాంకు దగ్గర తెచ్చుకోవాలి గాని జట్టు మీద పెట్టరాదు. ఇది కఠినంగా కనిపిస్తుంది. దీనితో ఇరవై మంది పన్నెండు మందికి దిగవచ్చు, తగ్గింపు 8 నుంచి 6 శాతానికి జారవచ్చు. జారనీయండి. పన్నెండు మంది రొక్కం ఇరవై మంది మాట కంటే డీలరు దగ్గర ఎక్కువ విలువ చేస్తుంది.

జట్టు స్థిరపడితే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఒక సంఘంగా రిజిస్టరు కావచ్చు. ప్రభుత్వ వాటా ధనం లేకుండా, సభ్యుల సొమ్ముతో, సభ్యుల అజమాయిషీలో నడవడానికి వచ్చిన చట్టం అది. బిల్లు సంఘం పేర వస్తుంది, ఒక మనిషి మెడకు చుట్టుకోదు. కాని మొదటి ఏడాదే సంఘం, అధ్యక్షుడు, కార్యదర్శి అని మొదలుపెడితే రేడియోల మాట పోయి కుర్చీల మాట మిగులుతుంది. రెండు ఆర్డర్లు పంచుకుని నిలబడ్డ తరువాత సంఘం.

ప్రభుత్వం కొని ఇస్తే సరిపోదా?

అటువంటిది ఇదివరకే ఉంది. 2015లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ కరెంటు స్తంభాల మీదుగా తీగ వేసి, ఇంటింటి పెట్టెలను టోకున సేకరించి, కేబుల్ ఆపరేటర్ల చేతుల మీదుగా ఇళ్ళకు చేర్చింది. 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దానిని జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయల మొదటి పథకం ఎంతోమంది ఆపరేటర్లను అటు తిప్పింది. అంత చవక పెట్టె ఏ ఆపరేటరూ విడిగా కొనలేడన్నది నిజం. అయితే కొనుగోలు సంస్థది, ధర సంస్థది, వాయిదా సంస్థది. పెట్టె ఎప్పుడు వస్తుందో, ఏ రకం వస్తుందో, చెడితే ఎవరు మారుస్తారో తేల్చుకోవడంలో ఆపరేటరుకు ఓటు లేదు. టోకు ధర దక్కింది గాని టోకు కొనుగోలుదారు హోదా దక్కలేదు. ఆర్డరు మీద సంతకం ఎవరిదో సరఫరా మీద పట్టు కూడా వారిదే.

అలాగని ప్రభుత్వ తీగతో విరోధం అక్కరలేదు. పంచాయతీ దాకా తీగ వస్తే అక్కడి నుంచి తోటల్లోకి, కొండ మీదికి రేడియో వేసుకోవచ్చు. 2023 ఆగస్టులో కేంద్రం భారత్‌నెట్‌కు సుమారు 1.39 లక్షల కోట్లు కేటాయించింది. చివరి రెండు మైళ్ళు చిన్నవానికి మిగులుతాయి.

విదేశాలలో చిన్న సరఫరాదారులు బ్రతికి ఉన్న చోట జట్టు ఏదో రూపంలో కనిపిస్తుంది. బ్రెజిల్‌లో చిన్న, ప్రాంతీయ కంపెనీల వాటా అంతా కలిపితే ఆ దేశపు స్థిర బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో సగం దాటింది. అమెరికాలో వైర్‌లెస్ సరఫరాదారుల సంఘంలో పరికరాల తయారీదారులు, పంపిణీదారులే సభ్యులుగా చేరి అక్కడికే సరుకు తెచ్చి చూపుతారు. కొనేవారు ఒకచోట కూడితే అమ్మేవాడు వెతుక్కుంటూ వస్తాడు.

డీలరు మాట

ఈ ప్రస్తావన వినగానే విశాఖ డీలర్లకు, మధ్యవర్తులకు కోపం రావడం సహజం. వారి వాదన తోసివేయదగినది కాదు. నెల అరువు ఇచ్చినది తామే. చెడిన డబ్బా తెస్తే కాగితం అడగకుండా మార్చి ఇచ్చినది తామే. ఆదివారం షట్టరు ఎత్తినదీ తామే. ఇప్పుడు 8 శాతం కోసం జట్టు కట్టి నేరుగా హైదరాబాద్, బెంగుళూరు పంపిణీదారుల దగ్గరికి పోతే, తుపాను రాత్రి ఫోను తమకెందుకు చేయాలి?

సమాధానం ఏమిటంటే, పోరాదు. జట్టు డీలరు ద్వారానే కొనాలి. బేరం మాత్రం వేరుగా ఆడాలి. ధరలో చివరి రూపాయి దాకా పిండకుండా, రెండు మూడు శాతం డీలరుకు వదలి, బదులుగా ఒక షరతు వ్రాయించుకోవాలి. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా ఫలానా మోడల్ బేస్ రేడియోలు ఇన్ని, చందాదారు రేడియోలు ఇన్ని, తన గోదాములో జట్టు పేర కదలకుండా ఉంచాలి. వాడకపోతే సంక్రాంతి లోపల జట్టు కొనుక్కుంటుంది. పలాసలో చిన్న జీడి బట్టీవాడు ఆఫ్రికా పిక్కలను తానే ఓడ నుంచి దింపుకోడు. దిగుమతిదారు దగ్గర కొంటాడు. అతడు బట్టీ ఆగకుండా సరుకు అందించినంతకాలం కమీషన్ గురించి పేచీ పెట్టడు. రేడియోలలో కూడా దిగుమతి చిక్కు, సుంకం, వారంటీ ఎవరో ఒకరు మోయాలి. మోసేవానికి కూలి ఇవ్వాలి.

దీనిలో బ్రోకర్లకు కూడా తావుంది. మూడు జట్లు, మూడు కంపెనీల సరుకు, ఇద్దరు ముగ్గురు డీలర్లు. ఎవరికి ఎంత కావాలో ఆగస్టులో చిట్టా కట్టి, వాటాలు వసూలు చేసి, ధరలు తెప్పించే మనిషి కావాలి. ఆపరేటర్లలో ఎవడూ ఆ పని చేయడు, చేస్తే వాని టవర్లు ఎవరు చూస్తారు? బస్తాకు ఇంత అని పుచ్చుకునే చోట రేడియోకు ఇంత అని పుచ్చుకుంటే సరి. రేడియోకు 50 రూపాయల చొప్పున 300 మీద 15,000. ఒక సీజను గుమాస్తా జీతం అక్కడే వస్తుంది. ఆ చిట్టాలోనే ‘నమ్మదగిన మూలం’ కాగితాల పని కూడా కలిపితే ఆ 50 ఎవరికీ బరువనిపించదు.

ఆగస్టు నెలాఖరు లోపల వాటాలు ఖాతాలో పడితే సరుకు తుపాను రోజుల ముందు చేరుతుంది. వాటాలు పడకముందే ధరల కోసం విశాఖకు ఫోన్లు చేయడం మొదలైతే, ఈ ఏడు కూడా ఎవరి పది రేడియోలు వారు కొనుక్కుంటారనే అనుకోవాలి.